ఇద్దరు కామిక్ హీరోలను కలిపి గీస్తే ఫ్యాన్సీ డ్రెస్‌లా ఎందుకు వస్తుంది?

తమ్ముడూ, నీ రెండు బొమ్మలనూ ఫోన్‌లో పెద్దవి చేసుకుని బాగా చూశాను. దేవరకొండలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నానని, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక గీస్తానని రాశావు. ఒక బొమ్మలో స్పైడర్‌మ్యాన్‌ను హిందీ కామిక్స్‌లోని పాముల హీరో నాగరాజ్‌తో కలిపావు, ఇంకోదాంట్లో సూపర్‌మ్యాన్‌ను హనుమంతుడితో కలిపావు. ఫ్రెండ్సంతా ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి తయారైన పిల్లాడిలా ఉందంటున్నారని, తప్పెక్కడుందో తెలియట్లేదని, ఏ పెన్నులు కొనాలో, టీషర్టుల మీద వేసి అమ్ముకోవచ్చో లేదో చెప్పమని అడిగావు. నాకు బొమ్మలు ఉద్యోగం కాదు, మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు ఆఫీసులో లెక్కలు రాస్తాను. కానీ 22 ఏళ్ల నుంచి సాయంత్రం ఇంటికొచ్చాక చేసే పని ఇదే, ఇద్దరు హీరోలను పట్టుకుని ఒకడిగా గీయడం. అందుకని కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు ఒక మాట. నీ గీతలో తప్పు లేదు. చేతివేళ్లు అంత బాగా వేసేవాళ్లు తక్కువ. తప్పు గీయకముందే జరిగింది. నువ్వు ఇద్దరి బట్టలూ తీసుకున్నావు, ఇద్దరి కథా తీసుకోలేదు. ఎడమ సగం ఎరుపు, దాని మీద సాలెగూడు, కుడి సగం ఆకుపచ్చ, దాని మీద పొలుసులు, మధ్యలో ముక్కు మీదుగా స్కేలు పెట్టి కొట్టినట్టు ఒక గీత. చూసేవాడికి ఇద్దరూ వెంటనే తెలిసిపోతారు, అంతటితో బొమ్మ అయిపోతుంది. ఇట్లాంటిది పెద్ద కంపెనీలు కూడా చేశాయి. 1964లో సూపర్‌మ్యాన్ పుస్తకాలు వేసే అమెరికా కంపెనీ డీసీ వాళ్ల వరల్డ్స్ ఫైనెస్ట్ 142వ సంచికలో కాంపోజిట్ సూపర్‌మ్యాన్ అని ఒకడొచ్చాడు, సగం సూపర్‌మ్యాన్ డ్రెస్సు, సగం బ్యాట్‌మ్యాన్ డ్రెస్సు, నిలువునా కోసి అతికించినట్టు, ముఖం మాత్రం పచ్చగా ఉంటుంది. కాకపోతే వాడు విలన్. ఇద్దరు హీరోలనూ భయపెట్టడానికే అట్లా తయారై వచ్చాడు కాబట్టి ఆ వేషం వాడికి సరిపోయింది. నీ బొమ్మలో అట్లా సగం సగం ఉండటానికి కారణం ఏదీ కనిపించట్లేదు.

మరి కారణం ఎక్కడ దొరుకుతుందంటే, నేను నేర్చుకున్నది కామిక్ పుస్తకాల్లో కాదు, గుట్ట మీద నేర్చుకున్నాను. యాదగిరిగుట్టకు చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు. ఒకసారి క్యూలో నిలబడి, అక్కడి నరసింహస్వామి కథనే మనసులో తిప్పుకుంటుంటే అర్థమైంది. హిరణ్యకశిపుడు అడిగిన వరం చూడు. మనిషి చంపకూడదు, జంతువు చంపకూడదు. పగలు వద్దు, రాత్రి వద్దు. ఇంట్లో వద్దు, బయట వద్దు. నేల మీద వద్దు, ఆకాశంలో వద్దు, ఆయుధంతో అసలే వద్దు. దానికి సమాధానంగా వచ్చిన రూపంలో ఒక్క భాగం కూడా అలంకారం కోసం లేదు. సింహం తల ఎందుకు, మనిషి ఒళ్లు ఎందుకు, గోళ్లు ఎందుకు, గడప ఎందుకు, తొడ మీద పడుకోబెట్టడం ఎందుకు, సంధ్యవేళ ఎందుకు, అన్నిటికీ వరంలో ఒక్కొక్క మాట ఉంది. నేను మొక్కే స్వామి ఆయన, ఆయన రూపాన్ని మాషప్ అని, అంటే మనం ఇద్దరిని కలిపి గీసే బొమ్మలాంటిదని పిలవను. కానీ రెండు రూపాలు ఒక్కటవ్వాలంటే ఆ రెంటినీ కలిపి బిగించే ముడి ఒకటి కథలోనే ఉండాలని నాకు అక్కడే తెలిసింది. ఆ రోజు నుంచి ముడి దొరక్కుండా పెన్సిల్ పట్టుకోలేదు.

ఇంకో ఉదాహరణ చెప్తా, అది నేరుగా మన పనికి సంబంధించింది. 1996లో స్పైడర్‌మ్యాన్ కంపెనీ మార్వెల్, డీసీ రెండూ కలిసి అమాల్గమ్ అనే పేరుతో కొన్ని పుస్తకాలు వేశాయి, మళ్లీ 1997లో ఇంకొన్ని వేశాయి, రెండు విడతల్లో కలిపి 24. రెండు కంపెనీల హీరోలనూ అధికారికంగా కలిపేసిన పుస్తకాలివి. నాకు అందులో కొన్ని హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో దొరికాయి. బ్యాట్‌మ్యాన్‌నూ వుల్వరిన్‌నూ కలిపి డార్క్ క్లా అని చేశారు, అసలు పేరు లోగన్ వేన్. ఇద్దరి ముసుగుకూ పైకి లేచిన కొనలుంటాయి, ఇద్దరూ చీకట్లో ఒంటరిగా తిరిగేవాళ్లే, కాబట్టి అది చూడగానే కుదిరినట్టు ఉంటుంది. కానీ నాకు ఇంకా నచ్చింది సూపర్ సోల్జర్. అతను సూపర్‌మ్యాన్, కెప్టెన్ అమెరికా కలిసినవాడు. కెప్టెన్ అమెరికా కథలో బక్క కుర్రాడికి మందు ఎక్కించి సైనికుడిని చేస్తారు. సూపర్‌మ్యాన్ కథలో వేరే గ్రహం నుంచి రాకెట్‌లో పసివాడు వస్తాడు. వీళ్లేం చేశారంటే, ఆ రాకెట్‌లో వచ్చిన పసివాడి ఒంట్లోంచే ఆ మందు తీశారు. చూశావా, ఒకరి కథలో ఉన్న ఖాళీలో ఇంకొకరి కథ వచ్చి కూర్చుంది. ఇక డ్రెస్సు ఎట్లా ఉన్నా చదివేవాడు నమ్ముతాడు.

ఇప్పుడు నీ బొమ్మకే వద్దాం. స్పైడర్‌మ్యాన్, నాగరాజ్. నిజానికి చాలా మంచి జత పట్టావు. స్పైడర్‌మ్యాన్ 1962లో వచ్చాడు, నాగరాజ్ 1986లో రాజ్ కామిక్స్ ద్వారా వచ్చాడు, ఇద్దరికీ మణికట్టే ఆయుధం, ఒకరికి అక్కడి నుంచి గూడు దారం వస్తుంది, ఇంకొకరికి పాములు వస్తాయి. నువ్వు ఇంతవరకు చూశావు, సరే. ఇంకొంచెం లోపలికి పో. పీటర్ పార్కర్‌ను సాలీడు కుట్టింది, విషం బయటి నుంచి వచ్చింది. నాగరాజ్‌కు విషం ఒంట్లోనే ఉంది, అతని కాటే చంపుతుంది. ఇంకా లోపలికి పోతే, ఇద్దరూ మొదట తప్పు వైపే ఉన్నారు. పీటర్ ఒక దొంగను పట్టుకోకుండా వదిలేశాడు, వాడే వాళ్ల బాబాయి ప్రాణం తీశాడు. నాగరాజ్‌ను దుర్మార్గులు ఆయుధంగా వాడుకున్నారు, గోరఖ్‌నాథ్ బాబా వల్ల మారాడు. అంటే ఇద్దరూ తమ శక్తిని చూసి తామే భయపడాల్సినవాళ్లు. నాకైతే ముడి అక్కడుంది. నేనైతే వీడిని గోడ మీద గెంతుతూ వేయను. ఒక మూల గొంతుకూర్చుని, కుడిచేత్తో ఎడమ మణికట్టును గట్టిగా పట్టుకుని, లోపలి నుంచి వస్తున్నదాన్ని ఆపుకుంటున్నట్టు వేస్తాను. ఆ వేళ్ల సందుల్లోంచి సన్నటి దారం, దాని కొసన చిన్న పడగ.

ఇక ఆ డ్రెస్సు. ఇది జాగ్రత్తగా చూడు, ఇది ఎవరూ చెప్పకపోతే ఏళ్లు పడుతుంది తెలుసుకోవడానికి, నాకు పట్టింది. స్పైడర్‌మ్యాన్ ముసుగు మీద గూడు ఎట్లా ఉంటుంది? రెండు కళ్ల మధ్య నుంచి గీతలు అన్ని వైపులా వెళ్తాయి. ఆ గీతల మధ్య అడ్డంగా వచ్చే దారాలు మధ్యభాగం వైపుకు లోపలికి వంగి ఉంటాయి, బట్టలారేసే తాడు జారినట్టు. ఇప్పుడు ఆ అడ్డదారాలను మాత్రమే తిప్పెయ్, లోపలికి వంగినవాటిని బయటికి ఉబ్బేలా గీయి. నిలువు గీతలు కదిలించొద్దు. ఏమైంది? పొలుసులయ్యాయి. అదే గూడు, అదే లెక్క, వంపు ఒక్కటే మారింది. కాబట్టి ముఖం దగ్గర గూడుతో మొదలుపెట్టి, మెడ దాటాక వంపును నెమ్మదిగా నిటారు చేసి, భుజం దగ్గరికి వచ్చేసరికి బయటికి తిప్పేస్తే, సాలెగూడు ఎక్కడ ఆగిందో పాము చర్మం ఎక్కడ మొదలైందో చూసేవాడు చెప్పలేడు. నువ్వు ముక్కు మీదుగా కొట్టిన ఆ గీతతో ఇక పని లేదు. నేను ఇది మొదటిసారి మిల్లులో పాత ప్రింటర్ కాగితాల వెనకాల, అదే ఆ పక్కన చిల్లులుండే కాగితం, దాని మీద బాల్‌పెన్నుతో గీశాను. వంపు తిరిగిన చోటుకు రాగానే చెయ్యి ఆపి చాలాసేపు చూస్తూ కూర్చున్నా.

రంగు కూడా అంతే. ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కన సమానంగా పెడితే కళ్లకు కొట్టుకుంటాయి, రెండూ అరుస్తాయి. ఒకటి పెద్దది చెయ్, ఒకటి చిన్నది చెయ్. ముదురు ఆకుపచ్చ ఒళ్లంతా, ఎరుపు మణికట్ల దగ్గర, కళ్ల చుట్టూ, పడగ లోపల. రెండూ కలిసే చోట గీత పెట్టొద్దు. పోచంపల్లి చీర అంచు దగ్గరగా చూశావా ఎప్పుడైనా? నూలును ముడులు కట్టి ముందే రంగులో ముంచి తర్వాత నేస్తారు కాబట్టి ఒక రంగు ఇంకో రంగులోకి పోయేటప్పుడు సన్నసన్న పళ్లలాగా చెదిరి ఉంటుంది. రంగు పెన్సిల్‌తో అట్లాగే పొట్టి గీతలు ఒకదాంట్లో ఒకటి దూర్చు. మా అమ్మ చీర ఒకటి పక్కన పెట్టుకుని ప్రాక్టీస్ చేశాను నేను. ఇంకోటి, రంగు ముందుగా వేరే ముక్క మీద వేసి చూడు, ఫోన్‌లో ఫొటో తీసి కూడా చూడు, ఎందుకంటే ఫొటోలో అది మారిపోతుంది. హల్క్ 1962లో మొదటి సంచికలో బూడిద రంగులో ఉండేవాడు, ప్రింటింగులో ఒక పేజీలో ఒకలా ఇంకో పేజీలో ఇంకోలా వస్తుంటే రెండో సంచిక నుంచి ఆకుపచ్చ చేసేశారు. అంత పెద్దవాళ్లకే తప్పలేదు.

ఇప్పుడు ఎముకల సంగతి. ఇద్దరిలో ఒకరి ఎముకలే ఉండాలి. మామూలు మనిషి ఎత్తు ఏడున్నర తలలంత ఉంటాడు, కామిక్ హీరోను ఎనిమిది, తొమ్మిది తలలకు సాగదీస్తారు, ఛోటా భీమ్ లాంటి బొమ్మలైతే మూడు తలలకు అటూ ఇటూ ఉంటాయి. ఇద్దరి కొలతలూ సగం సగం చేస్తే ఎవరూ కాని మధ్యరకం శరీరం వస్తుంది, ఫ్యాన్సీ డ్రెస్ అన్న మాట సగం దానివల్లే. నీ బొమ్మలో ఛాతీ నాగరాజ్‌ది, కాళ్లు స్పైడర్‌మ్యాన్‌వి, నడుము దగ్గర విరిగినట్టు ఉంది. నేనైతే స్పైడర్‌మ్యాన్ సన్నటి ఎముకలు తీసుకుని మోకాళ్లు భుజాల పైకి వచ్చేలా కూర్చోబెడతాను, నాగరాజ్‌ను చర్మంలోనూ మెడలోనూ చూపిస్తాను. అర్ధనారీశ్వరుడి శిల్పం మాత్రం సగం సగమే కదా అంటావేమో. అక్కడ శిల్పి నగలూ బట్టలూ మాత్రమే పంచలేదు, ఒకవైపు నడుము నిటారుగా ఉంటుంది, ఇంకోవైపు వంపు తిరుగుతుంది, నిలబడటమే రెండు రకాలుగా ఉంటుంది. అది నీకు చేతనైతే సగం సగం చెయ్, నేను కాదనను.

ఎముకలు కుదిరాయో లేదో తెలుసుకోవడానికి బొమ్మ మొత్తం నల్లగా నింపెయ్, నీడలా. లోపలి గీత ఒక్కటి కూడా ఉండొద్దు. అప్పుడు కూడా ఇద్దరూ కనిపించాలి, ఒకడిగా కనిపించాలి. నల్గొండ పక్కనే పానగల్ ఉంది కదా, ఛాయా సోమేశ్వరాలయం. ఎండ ఎటు తిరిగినా గర్భగుడిలో లింగం మీద స్తంభం నీడ పగలంతా ఉంటుంది. ఆ నీడను చూస్తే లోపల చెక్కడం ఏదీ కనిపించదు, స్తంభం అని మాత్రం వెంటనే తెలుస్తుంది. అట్లా ఉండాలి. దేవరకొండ నుంచి నల్గొండకు వచ్చినప్పుడు ఒక గంట వీలు చూసుకుని పో, దగ్గర్లోనే పచ్చల సోమేశ్వరాలయం కూడా ఉంది, గోడల మీద రామాయణ భారత ఘట్టాలు వరుసగా చెక్కి ఉంటాయి. నోట్‌బుక్ తీసుకుపో. చిన్న స్థలంలో పది మందిని ఇరుకు కాకుండా ఎట్లా నిలబెట్టారో చూసి గీసుకో, కామిక్ పేజీ వేసేవాడికి అంతకన్నా మంచి పాఠం ఉండదు.

జతలు ఎట్లా వెతుక్కోవాలని అడగలేదు కానీ, చెప్తా. పేర్లు కలిశాయని, రంగులు కలిశాయని జత కట్టొద్దు. సాబూను తీసుకో, చాచా చౌదరి కామిక్స్‌లో చాచా దగ్గర ఉండే ఆ భారీ మనిషి. జూపిటర్ నుంచి వచ్చాడు, చాచీ చేతి పరాఠాలు తిని ఇక్కడే ఉండిపోయాడు. సూపర్‌మ్యాన్ క్రిప్టాన్ నుంచి వచ్చాడు, కెంట్ దంపతులు పెంచారు కాబట్టి ఇక్కడివాడయ్యాడు. ఇద్దరినీ భూమ్మీద కట్టిపడేసింది ఒక ఇల్లే. ఇది పట్టుకున్నాక నేను వాళ్లను ఎగురుతూ వేయలేదు, గుమ్మం తలకు తగులుతుంటే వంగి వంటింట్లోకి తొంగిచూస్తున్నట్టు వేశాను, ఎర్ర కేప్ భుజం మీద తువ్వాలులా మడిచి ఉంటుంది. నేను గీసినవాటిలో జనం ఎక్కువ అడిగి తీసుకున్న బొమ్మ అదే.

సామాను విషయం తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే దీనిమీద డబ్బు పోగొట్టుకోవాల్సిన పని లేదు. అప్సరనో నటరాజో హెచ్‌బీ ఒకటి, 2బీ ఒకటి. లేత నీలం రంగు పెన్సిల్ ఒకటి, ముందు దాంతో గీస్తే పైన ఇంకు వేశాక తుడవకపోయినా ఫొటోను నలుపు తెలుపులోకి మారిస్తే పెద్దగా కనిపించదు. కామ్లిన్ వాటర్‌ప్రూఫ్ నల్ల ఇంకు, రెండో నంబరు బ్రష్. డ్రాయింగ్ షీట్ మందంగా ఉన్నది, జిరాక్స్ కాగితం మీద ఇంకు పాకుతుంది. జెల్ పెన్ను మే నెలలో మాత్రం వాడొద్దు, మన ఎండలకు చెయ్యి చెమట పట్టి రెండు రోజుల పని ఒక్క తుడుపుతో పోయింది నాకు, అప్పటి నుంచి చెయ్యి కింద ఒక కాగితం ముక్క పెట్టుకోకుండా కూర్చోను. ట్రేసింగ్‌కు కిటికీ అద్దం చాలు. ఫోన్‌లో చేయాలంటే ఐబిస్ పెయింట్, కంప్యూటర్ ఉంటే క్రీటా, అది ఫ్రీ. అయితే మొదటి ఆలోచన మాత్రం కాగితం మీదే, తపాలా బిళ్లంత సైజులో, ఒక్కో జతకు కనీసం పది. అంత చిన్నదాంట్లో డ్రెస్సు వివరాలు పట్టవు కాబట్టి చచ్చినట్టు భంగిమ గురించే ఆలోచిస్తావు.

నీ రెండో బొమ్మ, సూపర్‌మ్యాన్ హనుమంతుడు. నీకు భక్తి ఉందని బొమ్మలోనే తెలుస్తోంది. అయినా నా మాట విని అది బయట పెట్టొద్దు. ఆంజనేయస్వామికి ఎస్ గుర్తు ఉన్న చొక్కా తొడిగితే ఆ స్వామికి కొత్తగా కలిసొచ్చింది ఏమీ లేదు, ఊళ్లో ఎవరో ఒకరికి మనసు నొచ్చుకుంటుంది, వాళ్లను తప్పు పట్టలేం. దేవుళ్ల నుంచి పద్ధతి నేర్చుకో, ముఖాలు మాత్రం తెచ్చుకోవద్దు. ఆ గాల్లో లేచే భంగిమ బాగా కుదిరింది, దాన్ని ఇంకో హీరోకు వాడుకో.

టీషర్టుల మీద అమ్మడం వద్దు. ఇది గట్టిగానే చెప్తున్నా. సొంత సంతోషానికి గీసుకోవడం, ఫ్రెండ్స్‌కు చూపించడం ప్రపంచమంతా జనం చేస్తూనే ఉన్నారు, కంపెనీలు సాధారణంగా పట్టించుకోవు. డబ్బు చేతులు మారిందంటే సంగతి వేరు. పాత్రలు పాతవే కదా అనుకోవద్దు, 1938లో వచ్చిన సూపర్‌మ్యాన్ తొలి కథకే అమెరికా లెక్క ప్రకారం 95 ఏళ్లు, అంటే 2033 చివరి దాకా కాపీరైట్ ఉంది, దానికి తోడు గుర్తులకూ పేర్లకూ ట్రేడ్‌మార్క్ ఉంటుంది. నాగరాజ్ విషయంలో కూడా హక్కుదారులు ఉన్నారు. బొమ్మ పెట్టినప్పుడు కింద పాత్రలు ఎవరివో రాయి, కలిపింది నువ్వని రాయి. సంతకం మూలలో పెట్టొద్దు. నా సాబూ బొమ్మను ఒకాయన మూల కత్తిరించేసి, నన్ను అడక్కుండా టీషర్టులు ప్రింట్ చేసి అమ్మాడు, బస్టాండులో ఒక పిల్లాడి ఒంటి మీద చూసి నేను గుర్తుపట్టాను. రెండు రోజులు అన్నం సహించలేదు. ఆ తర్వాత నుంచి సంతకం బెల్టు బకిల్‌లోనో కేప్ మడతలోనో కలిపేస్తున్నా, కత్తిరిస్తే బొమ్మే పోతుంది. సంపాదన కావాలంటే, కలపడం నేర్చుకున్నాక రెండు వైపులా నీ సొంత పాత్రలే పెట్టు, అప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు.

ఈ వారం ఇది చెయ్. నాగరాజ్ బొమ్మనే మళ్లీ తీసుకో, ముఖం జోలికి పోకు. ఎడమ మణికట్టు ఒక్కటే, పేజీ నిండా, పెద్దగా. ఇప్పుడు నువ్వు వేసిన దాంట్లో ఆ మణికట్టు ఖాళీగా ఉంది, చెయ్యి ఊరికే గాల్లో ఉంది. స్పైడర్‌మ్యాన్ అయితే మధ్య రెండు వేళ్లూ అరచేతిలోకి నొక్కుతాడు, దానికి బదులు నాట్యంలో సర్పశీర్షం పట్టినట్టు వేళ్లన్నీ దగ్గరికి చేర్చి కొసలు కొంచెం వంచు, చెయ్యే పడగ అవుతుంది. మణికట్టు మీద గూడు, ముంజేయి దాకా పొలుసు, వంపు తిరిగేది సరిగ్గా నరం కనిపించే చోట. అది కుదిరిందనిపించాక పంపు, చూస్తాను.